ఓడ దిగని ఓడల కార్ఖానా

మన తాండూరు స్టేషనులో ముంబాయి బండి ఎక్కినవారికి వాడి, కలబురిగి దాటిన పిమ్మట షోలాపూరు వచ్చును. విశాఖపట్నపు ఓడల కార్ఖానాకు మూలపురుషుడైన వాల్‌చంద్ హీరాచంద్ 1882లో ఆ ఊరిలోనే జన్మించినారు. ఆయన రైలుమార్గపు కంట్రాక్టులతో పైకి వచ్చి, 1919లో సింధియా నౌకా కంపెనీ స్థాపనలో ముఖ్యులైనారు. సముద్రమునకు ఇంత దూరపు మనుషులకు ఓడలతో పనేమి అనువారికి ఆయన జీవితమే జవాబు.

ఓడలను కొని నడిపిన చాలదు, ఇక్కడనే కట్టవలెనని ఆయన పట్టుదల. మొదట కలకత్తాలో స్థలము కొరకు ప్రయత్నించినారు గాని అనుకూలమైన షరతులు దొరకలేదు. విశాఖలో 1933 నాటికే పెద్ద ఓడలు వచ్చు రేవు తయారైనది. డాల్ఫిన్ నోస్ కొండ దానికి పెట్టనికోట. అక్కడ 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదు గారు శంకుస్థాపన చేసినారు.

అది రెండవ ప్రపంచయుద్ధ కాలము. జర్మను జలాంతర్గాములు బ్రిటిషు సరుకు ఓడలను ముంచుచుండెను. అట్టి సమయమున ఓడలు కట్టుదుమను వారిని ఏ ప్రభుత్వమైనా చేయిపట్టి నడిపించునని మనమనుకొందుము. జరిగినది వేరు. 1940 డిసెంబరులో ఇదే వాల్‌చంద్ బెంగుళూరులో ప్రారంభించిన విమానముల కార్ఖానాలో ప్రభుత్వము తానే భాగస్థురాలై, 1942లో నిర్వహణను చేతిలోకి తీసికొన్నది. ఓడల కార్ఖానాకు మాత్రము ఆ ఆదరణ దక్కలేదు. విమానము యుద్ధముతో సరి, ఓడయైతే యుద్ధము తరువాత కూడ తెల్లదొరల కంపెనీలకు పోటీయగును. కారణమిదేయని నా అభిప్రాయము.

ఇంతలో 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖ రేవుపై బాంబులు వేసినవి. ఆనాడే కాకినాడపైనను వేసినవి. జనము పట్నము విడిచి పల్లెలకు తరలిపోయినారు. పునాదుల వద్దనున్న పని కుంటువడినది. యుద్ధము ముగిసిన 1945 వరకు ఆ కార్ఖానా నుండి ఒక్క పెద్ద ఓడయైనను నీటిలోనికి దిగలేదు.

తొలి ఓడకు వెన్నుదూలము వేసినది 1946లో. దాదాపు ఎనిమిది వేల టన్నుల ఆ "జల ఉష"ను 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ గారు నీటిలోనికి విడిచినారు. అప్పటికి తెల్లదొరల ప్రభుత్వమే లేదు! అయితే సొంత డబ్బుతో కార్ఖానా నడపుట కంపెనీకి భారమైనది. 1952లో భారత ప్రభుత్వము దానిని తీసికొని హిందుస్తాన్ షిప్‌యార్డు అని పేరు పెట్టినది. మరుసటి యేడు ఏప్రిల్‌లో వాల్‌చంద్ గారు కన్నుమూసినారు.