పొలం పేరులో ఏమున్నది?

మన ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల్లో ఏ ఊరికి పోయినా పొలానికి రెండు పేర్లుంటవి. సర్వే నెంబరు కాగితం మీదిది; రెండవది నోటి మీదిది. ఈ నోటి మాటను ఉత్త కబురని తోసివేయరాదు. అందులో కొంత చరిత్ర, కొంత కల్పన. రెంటినీ విడదీసి చూడవలె.

"తూము కయ్య" అన్నారనుకోండి. చెరువు తూము కిందిదా, తూమెడు విత్తు పట్టేదా? ఇరవై తూములు పుట్టి అని కదా పాత లెక్క! కయ్య తూముకు బహుదూరాన ఉంటే అది విత్తు లెక్కే అయివుండవచ్చు.

"నీరుగంటి మాన్యం"లో చిక్కు లేదు. చెరువు నీరు మడిమడికీ పారించినవానికి జీతానికి బదులు ఇచ్చిన నేల అది. "దశబంధం" అంటే మాత్రం, ఎవరో పదిమందిని కట్టిపడేసిన కథ కాబోలు అని నేటి కుర్రవాళ్లు అనుకోవచ్చు. కాదు. చెరువు కట్టించినవారికి, మరమ్మతు చూసేవారికి ఇచ్చిన ఇనాము అది. పేరును బట్టి పదోవంతు. 1956 ఇనాముల రద్దు చట్టంతో అనేక ఇనాములు రయత్వారీ పట్టాలైనవి. సరే, భూమి పట్టా అయింది. కట్ట మీద మట్టి వేసే పూచీ ఎవరిమీద పడ్డది?

ఈ పూచీ సామాన్యమైనది కాదు. ఉదయగిరి నుండి పాలించిన బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కడప సీమలో పోరుమామిళ్ల చెరువు కట్టించి, 1369లో శాసనం వేయించినాడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పట్టిందని అందులో ఉన్నది. చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు చెప్పినారు. కట్ట నుండి నీరు ఊరడం ఒకటి. నీరు కొంచెం, సాగునేల విస్తారం కావడం మరొకటి. మనవాళ్లు నేటికీ పోట్లాడుకునేది దానికే గదా!

ఇక కథలు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం కట్టకు గండి పడితే ముసలమ్మ అనే కోడలు బలి అయిందని చెబుతారు. అక్కడ ముసలమ్మ కట్ట అనే పేరు నిలిచింది. బలి జరిగిందో లేదో మనం తేల్చలేము. కాని ఇటువంటి పేరు వినబడినచోట, పూర్వం కట్ట అక్కడ బలహీనమేమోనని ఒకసారి చూచుకోవడంలో నష్టం లేదు.

2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. పాత నెంబర్ల చోట కొత్తవి వస్తున్నవి. వ్యవసాయ సహాయకులు పొలం గట్టుకు పోయినప్పుడు, పెద్దలనడిగి పాత పేరు, దాని కథ, నీరు ఏ కయ్య మీదుగా ఏ కయ్యకు దిగుతుందో ఆ వరుస, మూడూ ఒకే పుటలో రాసుకోండి. కథ చెప్పేవారిని మధ్యలో ఆపకండి. నీటి వరుస తరచు కథ చివరనే బయటపడుతుంది.