కవరు మీద పేరు లేని కేసెట్టు

1990ల్లో డిసెంబరు నెలొచ్చిందంటే మా ఎస్. రాయవరం చుట్టుపక్కల పేటల్లో టేప్‌రికార్డర్లు ఆగేవి కావు. అన్నీ యేసు పాటలే. పాడేవాళ్ళెవరూ మావాళ్ళు కారు, సినిమా గొంతులు. బాగుండేవి, కాదనను. కానీ పశువుల పాకలో పుట్టినోడి గురించి మఖమల్ పరుపు మీద కూర్చుని పాడినట్టుండేవి. 1996లో సొంతంగా ఓ క్రిస్మస్ కేసెట్టు చెయ్యాలని నాకు పుట్టిన బుద్ధికి అదే కారణం.

మా ఊరి పేరు చెప్తే చదువుకున్నోళ్ళు వెంటనే గురజాడ అంటారు. నిజమే. 1862లో ఆయన పుట్టింది ఇక్కడే, మేనమామ గారింట్లో. 'లవణరాజు కల'లో రాజుకి అంటరాని పిల్లనిచ్చి పెళ్ళి చేసిందీ ఆయనే. కలలో అనుకోండి. మా పేటలకి అక్షరం తెచ్చింది మాత్రం మిషను. తంతితపాలా ఉద్యోగం వదులుకుని కాకినాడలో సువార్త చెప్పుకుంటున్న థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడి పిలుపు మీద, 1874లో కెనడా బాప్టిస్టు మెక్లారిన్ దొర అక్కడికొచ్చాడు. 1878లో తుని, ఆ తర్వాత ఎలమంచిలి. ఎలమంచిలి మాకు సైకిలు దూరం. మా ముత్తాత అలా బాప్తిస్మం తీసుకున్నాడు.

నీళ్ళలో మునిగి లేచాక ఆయన మళ్ళీ డప్పు ముట్టలేదంట. మిషనోళ్ళు మా సంస్కృతిని మాన్పించేరని మనవాళ్ళే కొందరు రాస్తారు. అది సగం నిజం. ఊరమ్మోరి పండక్కి కొట్టాలి, పెద్దకులాల శవం ముందు కొట్టాలి, చాటింపుకి కొట్టాలి. కొట్టనంటే తన్నులు. కొడితే నాలుగు గింజలు విదిల్చేవారు. దాన్ని కళ అని ఇప్పుడంటున్నాం గానీ ఆయనకది వెట్టి. ఒంగోలు వైపు 1867 నుంచి క్లౌ దొర దగ్గర చేరిన మాదిగలు కూడా జాతరకి డప్పు కొట్టేది లేదని తెగేసి చెప్పారు, దానికి ఊరోళ్ళ చేత పడరాని పాట్లు పడ్డారు. నా మట్టుకు నాకు అది మా పెద్దల మొదటి సమ్మె.

చిక్కేమిటంటే, సమ్మె అయ్యాక డప్పు గుళ్ళోకి రానే లేదు. దాని చోట హార్మోనియం, కంజిర, తాళాలు వచ్చాయి. చేతికి 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం వచ్చింది. ప్రతి కీర్తన నెత్తినా రాగం పేరు, తాళం పేరు. అందులో పేరుమోసినవి చాలా బ్రాహ్మణ ఇంట పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసినవి. మా అమ్మమ్మకి చదువు రాదు. ఆ కీర్తనలు వందకి తక్కువ కాకుండా నోటికొచ్చు. ఆమె నోట్లో పడితే ఏ రాగమైనా మూడో చరణానికి ఊడుపు పాటలోకి జారిపోయేది. నాకు ఆ జారుడు కావాలి. కింద డప్పు కావాలి.

ఎనిమిది పాటలు కట్టేను. అటు నాలుగు, ఇటు నాలుగు, గంట టేపు. మా అమ్మ రెండు మేకల్ని అమ్మింది, పేట కుర్రాళ్ళు చందాలేసుకున్నారు. విశాఖలో చిన్న స్టూడియో ఒక రోజుకి మాట్లాడుకున్నాం. కీబోర్డతను "డప్పు మోసుకొచ్చారెందుకండీ, ప్యాడ్‌లో ఉంది కదా" అన్నాడు. ప్యాడ్‌లో డప్పుకి తోలూ లేదు, సెగా లేదు. మా చిన్నాన్న మెట్ల కింద కాగితాలు మండించి డప్పు కాచుకున్నాడు. వాచ్‌మన్ కేకలేశాడు. తీరా మైకు ముందు కొడితే మీటరు ముల్లు చివరికంటా పోయి అక్కడే కొట్టుకుంటోంది. ఆఖరికి చిన్నాన్నని తలుపవతల నిలబెట్టి, తలుపు బార్లా తీసి రికార్డు చేశారు. "ఇక్కడా బయటేనేటిరా బాబూ" అని ఆయన నవ్వేడు.

ఒక పాట ముత్యాల సరం నడకలో రాసేను. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ. 1910లో గురజాడ అచ్చేసిన ఆ నడక డప్పు మీద దానంతటదే కూచుంది. గురజాడెవరో చిన్నాన్నకి తెలీదు. "ఇది మనదే గదరా" అన్నాడు.

ఆరో పాట మీద సంఘంలో తగువైంది. హేరోదు బేత్లెహేము పసిపిల్లల్ని చంపించిన కథ అది, మత్తయి సువార్త రెండో అధ్యాయం. రాస్తున్నంతసేపూ నా కళ్ళ ముందు చుండూరే. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. "పండగ పూట చావు పాటేటి?" అన్నారు పెద్దలు. మా అమ్మ "మత్తయి గారు రాసింది మనం కొట్టేస్తామేటి" అంది. పాట ఉంది.

అసలు గండం కవరు అచ్చుకొచ్చినప్పుడు. నాకు రెండు పేర్లు. బడి రిజిస్టరులో ఒకటి, గుళ్ళో ఒకటి. అదే ఏడు మా తమ్ముడి కులం సర్టిఫికెట్టు కోసం తిరుగుతున్నాం. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానోడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుడైన దళితుడు మన రాష్ట్రంలో బి.సి.–సి, వాటా ఒక్క శాతం. మతం మారితే కులం పోతుందని ఉత్తర్వు చెప్తోంది, ఆ సంగతి మా ఊరి టీ కొట్టోడికి ఎవరూ చెప్పలేదు. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే మనిషికి, క్రైస్తవుడన్న కారణాన, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే చిన్న బడ్డీ కూడా రాలేదు. 1985లో సుప్రీంకోర్టు ఆయన పిటిషను కొట్టేసింది. మతం మారాక కూడా ఆ బాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు తెమ్మంది.

"కవరు మీద నీ పేరేస్తే అది మన మీద సాక్ష్యంరా" అన్నాడు మా అయ్య. పిరికి మనిషి కాడు, లెక్క తెలిసిన మనిషి. కవరు మీద ఓ నక్షత్రం, ఓ డప్పు, 'పేట పాటలు, క్రిస్మస్ 1996' అని అచ్చేశాం. రాసిందెవరో, పాడిందెవరో లేదు. రెండొందల కేసెట్లు, ఒక్కోటి పాతిక రూపాయలు. జనవరికల్లా చెల్లిపోయాయి. తమ్ముడికి సర్టిఫికెట్టు వచ్చింది.

మూడేళ్ళ తర్వాత ఓ బస్టాండు కొట్లో మా నాలుగో పాట వినబడింది. డప్పు తీసేశారు, వయొలిన్లు పెట్టారు. కేసెట్టు తీసి చూస్తే రచన ఎవరిదో పేరు. వెళ్ళి దెబ్బలాడాలంటే ముందు అది నాదేనని కాగితం మీద పెట్టాలి. పాతిక రూపాయలిచ్చి కొనుక్కుని వచ్చేశాను.

2022లో మా ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. అదే ఏడు అక్టోబరులో కేంద్రం ఈ విషయం మీద బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవం పాటిస్తూ ఎస్సీ సర్టిఫికెట్టు అడగడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025 ఏప్రిల్లో మన హైకోర్టు, మతం మారినోడికి అట్రాసిటీ చట్టం కూడా వర్తించదంది.

మొన్న మా అమ్మాయి ఆ కేసెట్టు పాటల్ని కంప్యూటరులోకి ఎక్కించింది, యూట్యూబులో పెడతానని. హిస్సు మధ్యన చిన్నాన్న డప్పు తలుపవతల నుంచి వినబడుతూనే ఉంది. అక్కడ కళాకారుడి పేరు నింపే గడి ఒకటుంది. ఏం రాయను నాన్నా అని అడిగింది. తను గ్రూప్స్‌కి చదువుతోంది. చిన్నాన్న పేరు రాయమన్నాను. ఆయన 2009లో పోయాడు. ఆయనకిక ఏ సర్టిఫికెట్టుతోనూ పని లేదు.