రాయవేలూరు, గుడియాత్తము: వార్తావ్యాప్తియు యువజన చైతన్యమును

తమిళనాడు ఉత్తరపుటంచున నున్న రాయవేలూరు, గుడియాత్తము పట్టణములు తెలుగువారికి పరాయివి కావు. ఆంధ్రదేశమున పుట్టిన కౌండిన్యానది గుడియాత్తము మీదుగా సాగి పాలాటిలో కలియుచున్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చిత్తూరు, వేలూరు రెండును ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. జిల్లాలు వేరైనను ఈ ప్రాంతమున తెలుగు, తమిళము ఇరుగుపొరుగులుగనే నిలిచినవి. యువజనుల చేతికి వచ్చిన క్రొత్త వార్తాసాధనము యొక్క బలమును, అపాయమును ఈ ప్రాంతపు ఇటీవలి చరిత్ర చక్కగా తెలుపుచున్నది.

వార్త మనుష్యులను కదలించునన్న సంగతి వేలూరునకు క్రొత్తది కాదు. 1806 జూలై 10 తెల్లవారకమునుపే కోటలోని సిపాయిలు తిరుగబడిరి. క్రొత్త తలపాగా, నొసటి బొట్టుకును చెవిపోగులకును నిషేధము అందులకు కారణములు. తమను మతము మార్పింతురను భయము వారిలో నోటినోట ప్రాకెను. 1954లో ముఖ్యమంత్రియైన కామరాజు గుడియాత్తము ఉప ఎన్నికలో గెలిచి శాసనసభలో ప్రవేశించెను. నాటి ప్రచారమునకు సభలు, కరపత్రములు, వార్తాపత్రికలే ఆధారములు. ఓటుహక్కు 21 ఏండ్లు నిండినవారికే యుండెను. 1989లో ఆ వయస్సు 18కి తగ్గెను.

2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధించెను. 2017 జనవరిలో ఫేస్‌బుక్, వాట్సప్‌ల ద్వారా వ్యాపించిన పిలుపులతో వేలాది యువతీయువకులు చెన్నపట్టణపు మెరీనా తీరమున చేరిరి. వారు రాజకీయ పక్షముల నాయకత్వమును కోరలేదు. వేలూరులోను విద్యార్థులు గుమిగూడిరి. ఆ జిల్లా పల్లెలలో సంక్రాంతి దినములలో ఎడ్లను వీథివెంట పరుగెత్తించు వేడుక కలదు. చంద్రగిరి ప్రాంతపు పశువుల పండుగకు అది దగ్గరి చుట్టము. జనవరి 21న ఆర్డినెన్సు వెలువడెను. 23న శాసనసభ చట్టమును సవరించెను. నాడే మెరీనాలో పోలీసులు జనమును తొలగింపగా హింస చెలరేగెను. 2023 మే 18న సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించెను.

ఏడాది తిరిగిన పిమ్మట అదే సాధనము వేరొక రూపము చూపెను. ఉత్తరాదినుండి పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు దిగినవను వదంతి 2018లో వాట్సప్ వెంట ఊరూర ప్రాకెను. ఏప్రిల్ చివర గుడియాత్తము సమీప గ్రామమున హిందీ మాట్లాడు అపరిచితుని నొకనిని జనులు కొట్టి చంపిరి. మే 9న పోలూరు దగ్గర, కులదైవమును సేవింప వచ్చిన చెన్నపట్టణపు వృద్ధురాలు అట్లే బలియయ్యెను; దారిలో పిల్లలకు మిఠాయి ఇచ్చుటయే ఆమె చేసిన తప్పు. ఆ కాలమున దేశమున తిరిగిన దృశ్యములలో ఒకటి, పిల్లల రక్షణకై కరాచీలో తీసిన ప్రచారచిత్రపు తునక. హితవు చెప్పిన ముగింపును కత్తిరించి, దానిని నిజమైన అపహరణముగా చూపిరి.

ఇదే సమయమున తెలంగాణమందలి జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి వేరొక మార్గము త్రొక్కెను. పోలీసులు గ్రామగ్రామమునకు పోయి, డప్పులతోను జానపద గేయములతోను వదంతుల బూటకమును వివరించిరి. ఆ జిల్లాలో ప్రాణహాని జరుగలేదు. 2018 జూలైలో వాట్సప్ సంస్థ ఒక సందేశమును ఒకసారి ఐదింటికి మించి పంపరాదని భారతదేశమున హద్దు విధించెను.

2017లో జనమును కూర్చిన వేగమే 2018లో నిరపరాధులను చంపెను. భేదమెల్ల విచారణలో నున్నది. జల్లికట్టు కోర్కె బహిరంగముగ నిలిచి, శాసనసభలోను న్యాయస్థానములోను పరీక్షకు నిలువవలసి వచ్చెను. వదంతికి అట్టి పరీక్ష లేకపోయెను. గుడియాత్తము చెంత మరణించిన వానికి తన భాషలో ప్రశ్నించువారు కరవైరి. రెండు భాషల నడుమ తరతరములుగా జీవించుచున్న సరిహద్దు తెలుగువారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. పరభాషీయుని మాట వినిన పిమ్మటనే తీర్పు చెప్పుట వారి యువతరము ఇతరులకు నేర్పదగిన విద్య.