ప్రోగ్రామర్ల చర్చా మర్యాదలు: నియమాల పుట్టుక, పరిణామం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- ప్రోగ్రామర్ల చర్చలకు నియమాలు ఎందుకు అవసరమయ్యాయో వివరించగలుగుతారు.
- 1969 నుంచి 2018 వరకు ఆ నియమాల స్వభావం ఎలా మారిందో తెలపగలుగుతారు.
- పనిని విమర్శించడానికీ మనిషిని అవమానించడానికీ మధ్య భేదాన్ని ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

రచ్చబండ మీద మాట్లాడుకునేటప్పుడు ఎదుటివారి ముఖం కనిపిస్తుంది. మాట కటువుగా వచ్చినా వెంటనే నవ్వి సర్దుకోవచ్చు. కంప్యూటర్ తెర మీద రాసిన మాటకు ఆ వీలు లేదు. పైగా ప్రోగ్రామర్లు తప్పును తప్పని చెప్పక తప్పదు. మొహమాటానికి పోతే ప్రోగ్రామే చెడుతుంది. తప్పును ఎత్తిచూపుతూనే మనిషిని నొప్పించకుండా ఉండటం ఎలా? ఈ ప్రశ్నకు వివిధ కాలాల్లో వచ్చిన సమాధానాలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

2. తొలి దశ: సంకోచాన్ని పోగొట్టడం

ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ పని మొదలుపెట్టకముందే దాని రూపకర్తలు తమ ఆలోచనలను పత్రాలుగా రాసి పంచుకోసాగారు. వాటికి ‘రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్’ (ఆర్.ఎఫ్.సి.) అని పేరు, అంటే అభిప్రాయాలు తెలపమని కోరే పత్రాలు. మొదటి పత్రాన్ని లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి స్టీవ్ క్రాకర్ 1969 ఏప్రిల్ 7న రాశాడు. అదే నెలలో వచ్చిన మూడో పత్రం రాసే పద్ధతిని వివరించింది. ఆలోచన పూర్తిగా పదును తేలకపోయినా రాయవచ్చు, ఒక్క వాక్యమైనా చాలు అన్నది దాని సారం. అచ్చులో కనిపించిందల్లా తిరుగులేని మాట అనే భావనను తొలగించడం, రాయడానికి జంకేవారికి ధైర్యం ఇవ్వడం దాని ఉద్దేశాలు. అంటే ఈ రంగంలో తొలి నియమం నోరు మూయించేది కాదు, నోరు విప్పించేది.

3. రెండో దశ: ఖర్చు, సమయం

1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ‘యూజ్‌నెట్’ అనే చర్చా వ్యవస్థకు రూపకల్పన చేశారు. అది 1980 నుంచి పనిచేయసాగింది. ఒక కంప్యూటర్ మరో కంప్యూటర్‌కు టెలిఫోన్ ద్వారా సందేశాలు చేరవేసేది. ఆ ఫోన్ బిల్లును ఏదో ఒక సంస్థ భరించాలి. కాబట్టి క్లుప్తత అక్కడ సొగసు కోసం కాదు, ఖర్చు కోసం.

అపార్థాలు మరో సమస్య. హాస్యాన్ని నిజమనుకొని తగవులు పడటం చూసి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్మన్ 1982 సెప్టెంబర్ 19న ఒక సూచన చేశాడు. సరదా మాట పక్కన కోలన్, అడ్డగీత, బ్రాకెట్‌లతో నవ్వు ముఖం గుర్తు పెట్టమన్నాడు. నేటి ఎమోజీలకు అది పూర్వరూపం.

ఇలాంటి ఆచారాలను క్రోడీకరించి, ఇంటెల్ ఉద్యోగిని శాలీ హాంబ్రిడ్జ్ 1995 అక్టోబర్‌లో ఆర్.ఎఫ్.సి. 1855ను వెలువరించింది. సంతకం 4 వరసలకు మించకూడదు. అన్నీ పెద్దక్షరాల్లో రాస్తే అరిచినట్లుంటుంది. కోపంతో రాసిన జవాబును ఒక రాత్రి ఆగి పంపాలి. కొత్త బృందంలో ఒకటి రెండు నెలలు చదివాకే రాయాలి అన్నవి అందులోని కొన్ని సూచనలు.

అప్పటికే పరిస్థితి మారింది. ఏటా సెప్టెంబర్‌లో విశ్వవిద్యాలయాల్లో చేరే కొత్త విద్యార్థులకు పాతవారు పద్ధతులు నేర్పేవారు. 1993-94లో వాణిజ్య సంస్థల ద్వారా సామాన్య జనం యూజ్‌నెట్‌కు రావడంతో కొత్తవారి రాక ఏడాది పొడవునా సాగింది. 2001లో ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ ప్రశ్న అడిగే పద్ధతి మీద ఒక మార్గదర్శి రాశారు. ముందు వెతకండి, చేసిన ప్రయత్నం చెప్పండి, సమస్యను స్పష్టంగా వివరించండి అన్న దాని సలహాలు నేటికీ పనికొస్తాయి. అయితే నిపుణుల కటువుతనాన్ని అర్థం చేసుకొని సర్దుకుపొమ్మని కూడా అది కొత్తవారికి చెప్పింది. మర్యాద భారం ప్రధానంగా అడిగేవారి మీదే పడింది.

4. మూడో దశ: లినక్స్ అనుభవం

1992 జనవరి 29న మినిక్స్ సృష్టికర్త, ఆమ్‌స్టర్‌డామ్ ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్, లినక్స్ నిర్మాణ పద్ధతికి కాలం చెల్లిందని రాశాడు. హెల్సింకీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ వయసు అప్పటికి 22 ఏళ్లు. అతడు ఘాటుగా బదులిచ్చాడు. ఇది పద్ధతి కాదని ఒక పాఠకుడు స్నేహపూర్వకంగా ఉత్తరం రాయగా, అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. వాదం మాత్రం ఆగలేదు; సాంకేతిక విషయం మీద కొనసాగింది.

లినక్స్ పెరిగేకొద్దీ టోర్వాల్డ్స్ పరుష భాష కూడా ప్రసిద్ధి పొందింది. కెర్నెల్ డెవలపర్ సేజ్ షార్ప్ 2013లో దాన్ని బహిరంగంగా ఆక్షేపించారు. 2015 మార్చిలో ‘కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్’ అనే చిన్న నియమావళి వచ్చింది. అయినా అదే ఏడాది అక్టోబర్‌లో, గౌరవం లేని వాతావరణంలో పనిచేయలేక తప్పుకున్నానని షార్ప్ వెల్లడించారు. 2018 సెప్టెంబర్ 16న టోర్వాల్డ్స్ తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పి కొంతకాలం విరామం తీసుకున్నాడు. అదే సమయంలో, కొరలైన్ అడా ఎమ్‌కీ 2014లో రూపొందించిన ‘కంట్రిబ్యూటర్ కోవెనెంట్’ ఆధారంగా కొత్త ప్రవర్తనా నియమావళి అమలులోకి వచ్చింది. దీనివల్ల నిక్కచ్చి విమర్శకు అవకాశం తగ్గుతుందని కొందరు వాదించారు. తిట్టు లేకుండానే లోపాన్ని చూపవచ్చని మరికొందరు బదులిచ్చారు.

5. చరిత్రకారుని దృష్టి

మొదట ఫోన్ బిల్లును, తరవాత నిపుణుల సమయాన్ని, చివరికి మనుషుల గౌరవాన్ని కాపాడటానికి నియమాలు వచ్చాయి. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పాత చర్చల్లో తగవులాడినవారి మాటలు భద్రంగా ఉన్నాయి. వాటిని చదివి భయపడి, ఒక్క ముక్కా రాయకుండా వెళ్లిపోయినవారి ఆధారాలు ఎక్కడా లేవు. నష్టాన్ని అంచనా వేసేటప్పుడు ఈ మౌనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తెలుగు మాధ్యమంలో చదివి, తన ఇంగ్లీషును చూసి నవ్వుతారేమోనని ప్రశ్నను చెరిపేసుకునే విద్యార్థి విషయంలో 1969 నాటి ఆ మూడో పత్రం ఉద్దేశం ఇంకా నెరవేరవలసే ఉంది.

6. మాదిరి ప్రశ్నలు

1. యూజ్‌నెట్ కాలపు నియమాలకు ఆర్థిక కారణాలను వివరించండి.
2. 1992, 2018 నాటి టోర్వాల్డ్స్ క్షమాపణల సందర్భాలను పోల్చి, నియమాల స్వభావంలో వచ్చిన మార్పును చర్చించండి.