మోడలింగ్ ఛాయాచిత్రాలు: భంగిమ వెనుక ఉన్న లెక్క

అద్దం ముందు చక్కగా తోచిన నిలుపు ఛాయాచిత్రంలో చప్పగా తేలడం మోడలింగ్‌లో అడుగుపెట్టే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే అనుభవం. మనిషి రెండు కళ్లతో చూస్తాడు కనుక లోతు తెలుస్తుంది. కెమెరాకు ఉన్నది ఒకే కన్ను. దాని ముందు నిలబడేవారు ఆ లోతును దేహపు వంపులతో, వెలుగునీడలతో చూపించవలసి ఉంటుంది.

ఇందులో మొదటి సూత్రం శరీర భారానికి సంబంధించినది. రెండు పాదాలపై సమంగా నిలబడితే మనిషి గుర్తింపు కార్డు ఫొటోలా బిగుసుకుపోయి కనిపిస్తాడు. భారాన్ని ఒక కాలిపై, సాధారణంగా వెనుక కాలిపై, మోపితే రెండో మోకాలు తనంతట తానే సడలుతుంది; నడుము ఒక పక్కకు లేస్తుంది; భుజాలు దానికి ఎదురు దిశలో వాలుతాయి. ఫ్యాషన్ పత్రికలు కనిపెట్టిన విద్య కాదిది. తల, నడుము, మోకాలు మూడుచోట్ల వంగే ఈ తీరును భారతీయ శిల్ప సంప్రదాయం త్రిభంగం అంటుంది. 1213 నాటి శాసనం గల పాలంపేట రామప్ప ఆలయాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఆలయపు చూరు కింద నిలిచిన నల్లరాతి మదనికలను ఒక పూట పరిశీలించడం ఎన్నో శిక్షణ వీడియోలకు సమానమని చెప్పవచ్చు.

రెండోది దూరం. కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దదిగా కనిపిస్తుంది. ముందుకు చాచిన చేయి ముఖాన్ని మించిపోవడానికీ, సెల్‌ఫీలో ముక్కు ఉబ్బినట్లుండడానికీ కారణం ఇదే. నిలువెత్తు చిత్రానికి కెమెరాను నడుము ఎత్తులో ఉంచి, కొంత దూరం నుంచి తీస్తే కాళ్లు పొట్టిగా కనిపించవు. ముఖచిత్రానికి గడ్డాన్ని కొద్దిగా ముందుకు జరిపి కాస్త దించితే దవడ గీత స్పష్టపడుతుంది. ఆ క్షణంలో వింతగా అనిపించినా చిత్రంలో సహజంగానే ఉంటుంది. చేతులను దేహానికి అదిమితే భుజాలు వెడల్పుగా కనిపిస్తాయి. నడుముకూ మోచేతికీ నడుమ కాస్త వెలుగు కనిపించేలా ఖాళీ ఉండాలి. అరచేయి కంటే చేతి అంచు కెమెరా వైపు ఉంటే వేళ్లు సన్నగా అగుపిస్తాయి. ఊపిరి బిగబట్టడం మాత్రం పనికిరాదు, మెడ నరాలు ఆ గుట్టు బయటపెడతాయి.

పనిని బట్టి భంగిమ మారుతుంది. ఆన్‌లైన్ అమ్మకాల చిత్రాల్లో దుస్తులే నాయిక. చీరకు కుచ్చిళ్లు, అంచు, పైట నేత కనబడాలి. నాటకీయమైన మెలికలు అక్కడ అడ్డు. ఏజెన్సీలు మొదట అడిగే చిత్రాలు మరీ సాదావి: అలంకరణ లేకుండా, ఒంటికి సరిపడే మామూలు దుస్తుల్లో, పగటి వెలుతురులో ఎదురుగా, పక్కగా, నిలువెత్తుగా తీసినవి. వాటికి ఖరీదైన స్టూడియో అవసరం లేదు. పోర్ట్‌ఫోలియో పేరిట ముందే పెద్ద మొత్తం కోరేవారిని కొత్తవారు అనుమానించడానికి ఇదొక్కటే చాలు.

హక్కుల మాట చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు చెల్లించి తీయించుకున్న ఛాయాచిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే తొలి హక్కుదారులు. సొంత ఖర్చుతో చేయించుకున్న పోర్ట్‌ఫోలియోకు ఇది వర్తిస్తుంది. సంస్థ చెల్లించి తీయిస్తే హక్కు సాధారణంగా ఆ సంస్థదే. అందుకే సంతకానికి ముందు చిత్రాలను ఏ మాధ్యమాల్లో, ఎంతకాలం, ఏ ఉత్పత్తికి వాడతారో ఒప్పందంలో రాయించుకోవాలి. ‘అన్ని అవసరాలకు, శాశ్వతంగా’ అన్న మాట కనిపిస్తే పారితోషికం సంగతి అక్కడే మళ్లీ మాట్లాడుకోవడం మేలు.