పెన్సిలు గీఁతలలో స్త్రీమూర్తి

సూర్యాపేట సీమలోని మఠంపల్లి ప్రాంతమువారికి స్త్రీమూర్తి సౌందర్యము క్రొత్త గాదు. సూర్యాపేట చెంతనున్న పిల్లలమర్రి గుళ్లలో కాకతీయుల కాలపు శిల్పులు రాతిలో మలచిన నర్తకీమణులు నేఁటికిని చూపఱులను నిలువరించుచున్నారు. అయితే ఆ మూర్తులు శిల్పశాస్త్రపు తాలమానమునకు, అనఁగా నిర్ణీతమైన కొలతల పద్ధతికి, లోఁబడినవి. ఎదుట కూర్చున్న ఒకానొక స్త్రీ భుజపు వాలును, మెడ మలుపును కంటితో కొలిచి కాగితముపైఁ బలుమారులు గీయు అభ్యాసము మాత్రము యూరపునుండి మనకు వచ్చినది.

ఇంగ్లండున బారోడేలు కొండలలో పదునాఱవ శతాబ్దమున దొరకిన గ్రాఫైటు ఈ యభ్యాసమునకు వాడు పెన్సిలుకు మూలద్రవ్యమైనది. ఇంగ్లండుతోడి యుద్ధమువలన ఆ సరకు ఫ్రాన్సుకు చేరకపోఁగా, 1795లో కోంతె యనునాతఁడు గ్రాఫైటు పొడిని బంకమట్టితోఁ గలిపి కాల్చి, కోరినంత గట్టిగనో మెత్తగనో గీయఁగల పెన్సిలును నిర్మించెను. రోములో నివసించిన ఫ్రెంచి చిత్రకారుఁడు ఆంగ్ర్ అట్టి పెన్సిలుతో స్త్రీల ముఖములను అతిసూక్ష్మముగఁ దీర్చి, వస్త్రములను కొన్ని గీఁతలతోనే సూచించి విడిచెను. ఆ విడిచివేయుటయందే నాకు ఆయన ప్రజ్ఞ యెక్కువగఁ దోఁచును.

కాని ఆ దేశములలో స్త్రీ చిత్రింపఁబడుటయే గాని చిత్రించుట దుర్లభముగ నుండెను. 1768లో లండను రాయల్ అకాడమీ స్థాపకులలో ఏంజెలికా కౌఫ్మన్, మేరీ మోజర్ అను నిద్దఱు స్త్రీలుండిరి. అయినను చిత్రకారుఁడు జోఫనీ ఆ సభ్యులను నగ్న పురుషుని చుట్టును గూర్చి చిత్రించినపుడు, వారిరువురు గోడపైఁ బటములుగ మాత్రమే కనఁబడుదురు. అక్కడి విద్యార్థినులకు అర్ధనగ్నముగనైన సజీవ నమూనాను జూచి గీయుటకు 1893 వఱకు అనుమతి లేకపోయెను. ఎంతటి అన్యాయము!

ఆ యభ్యాసమే బొంబాయి జె.జె. కళాశాలలో వేళ్లూని, 1916 ప్రాంతమున రాజమహేంద్రవరపు దామెర్ల రామారావును జేరినది. అధ్యాపకుఁడు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహమున బొంబాయికేఁగి, తిరిగివచ్చి తెలుఁగు స్త్రీల అలంకరణమును, భంగిమలను చిత్రించిన ఆ మహనీయుఁడు 1925లో మశూచికము సోఁకి, ఇరువదెనిమిదేండ్లు నిండకమునుపే గతించెను. అయితే ఆయన భార్య సత్యవాణియు, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మయు తామే కుంచె చేతఁబట్టి చిత్రకర్త్రులైరి. దామెర్లవారిని గూర్చి వ్రాయువారు ఆ యిరువురి చిత్రములనుగూడ అంతే శ్రద్ధతోఁ బరిశీలింపవలసియున్నది.