పాడిల్ బోర్డు కొంటున్నారా? రేటు కన్నా ముందు అతుకు చూడండి!

నిలబడి తెడ్డేసే స్టాండప్ పాడిల్ బోర్డు ఇంటిల్లిపాదికీ ఒకటి చాలు. తిరుపతి, చిత్తూరు వాళ్లకి గాలి నింపే రకమే నయం.. మడిచి కారు డిక్కీలో పెట్టేయొచ్చు.

పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకోవాలంటే పొడవు పదిన్నర అడుగులు, వెడల్పు 32-34 అంగుళాలు ఉన్నది చూడండి. మందం 6 అంగుళాలు ఉండాలి. 4 అంగుళాల బోర్డు చవకే కానీ, ఇద్దరెక్కితే మధ్యలో వంగిపోతుంది.

అసలు సంగతి అంచు అతుకులో ఉంది. జిగురుతో అంటించినవి మన ఎండలకి త్వరగా వదులుతాయి. వేడితో వెల్డింగ్ చేసినవి కాస్త ఖరీదైనా ఎక్కువ కాలం నిలుస్తాయి. ఏ రకమైనా సరే, 12-15 పీఎస్‌ఐ గాలి కొట్టి మే నెల ఎండలో ఒడ్డున వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకు ఊడే ప్రమాదం ఉంది. నీడ లేకపోతే కొంచెం గాలి తీసేయండి.

మరి ఎక్కడ దింపాలి? పులికాట్‌లో లోతు తక్కువ.. బోర్డు కిందుండే ఫిన్ బురదలో దిగబడుతుంది. పైగా అది పక్షుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు. తూపిలిపాలెం సముద్రం కొత్తవాళ్లకి అసలే వద్దు. అలల్లేని నీళ్లలోనే నేర్చుకోండి.

బోర్డు తేలుతుంది కదా అని లైఫ్ జాకెట్ మానేయొద్దు. మనిషి పడిపోయాక గాలి వీస్తే ఖాళీ బోర్డు ఈదినా అందదు, అందుకే కాలికి లీష్ తాడు తప్పనిసరి.